హైస్కూల్లో టెక్నికల్ కోర్సు, కాలేజీలో క్రెడిట్: అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

8వ గ్రేడ్ చివర్లోనో 10వ గ్రేడ్ మధ్యలోనో స్కూల్ నుంచి కోర్సులు ఎంచుకోమని ఒక ఫారం వస్తుంది, అందులో మ్యాథ్స్, ఇంగ్లీషుతో పాటు సైబర్ సెక్యూరిటీ, హెల్త్ సైన్స్, ఇంజినీరింగ్ డిజైన్, వెల్డింగ్ ఇలాంటివి కూడా ఉంటాయి, పక్కన చిన్న అక్షరాల్లో "కాలేజీ క్రెడిట్ వస్తుంది" అని రాసి ఉంటుంది. ఆ ఒక్క ముక్క చుట్టూ మనవాళ్లకి బోలెడు అనుమానాలు, అందుకే తెలిసినంతా ఒకచోట రాసి పెడుతున్నా. అమెరికాలో చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది, కాబట్టి ఇక్కడ ఏదైనా రాష్ట్రం పేరు చెప్తే అది ఉదాహరణ కోసమే, మీ రాష్ట్రం రూల్ మీరు విడిగా చూసుకోవాల్సిందే.

అసలు హైస్కూల్‌కీ కాలేజీకీ ఈ లింకేంటి?

11, 12 గ్రేడ్లు రెండేళ్లు, ఆ తర్వాత కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు, ఈ నాలుగేళ్లనీ కలిపి ఒకే వరసలో ప్లాన్ చెయ్యడం. దీన్నే 2+2 అంటారు. స్కూల్లో ఒకసారి నేర్చుకున్నది కాలేజీకి వెళ్లాక మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టకుండా, ఆగిన చోటు నుంచి ముందుకు వెళ్లాలి, చివరికి చేతిలో అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల కాలేజీ డిగ్రీ) గానీ సర్టిఫికెట్ గానీ అప్రెంటిస్‌షిప్ గానీ ఉండాలి, అదీ ఉద్దేశం.

1980ల్లో కమ్యూనిటీ కాలేజీల జాతీయ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న డేల్ పార్నెల్ దీని గురించి గట్టిగా మాట్లాడారు. యూనివర్సిటీకి వెళ్లే పిల్లలకి ఒక దారి స్పష్టంగా ఉంది, మిగతా మధ్యస్థంగా ఉన్న ఎక్కువమంది పిల్లలకి మాత్రం స్కూల్ అయ్యాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పట్లేదు అన్నది ఆయన బాధ. 1990లో పెర్కిన్స్ చట్టాన్ని (వృత్తి, టెక్నికల్ విద్యకి ఫెడరల్ డబ్బిచ్చే చట్టం) మళ్లీ రాసినప్పుడు టెక్ ప్రెప్ అనే పేరుతో దీనికి ఫెడరల్ డబ్బు కేటాయించారు, హైస్కూళ్లూ కాలేజీలూ కలిసి కూర్చుని ఒప్పందాలు రాసుకోవడం అప్పుడే ఊపందుకుంది.

మరి టెక్ ప్రెప్ అనే పేరు మా స్కూల్లో ఎక్కడా వినపడదే?

టెక్ ప్రెప్‌కి విడిగా ఇచ్చే ఫెడరల్ డబ్బు 2011లో ఆగిపోయింది. పేరు పోయింది గానీ పని ఆగలేదు. 2006 పెర్కిన్స్ చట్టంలోనే "ప్రోగ్రామ్ ఆఫ్ స్టడీ" అనే మాట తెచ్చారు, అంటే హైస్కూల్ కోర్సు, కాలేజీ కోర్సు ఒకదానికొకటి అతికేలా ఉండాలని. 2018లో వచ్చిన ఐదో పెర్కిన్స్ చట్టంలో కూడా అదే నడుస్తోంది, దీని కింద రాష్ట్రాలకి ఏటా 130 కోట్ల డాలర్లకి పైనే వెళ్తుంది. ఇప్పుడు స్కూళ్లలో మీరు వినేవి సీటీఈ (కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్), కెరీర్ పాత్‌వే, కెరీర్ అకాడమీ, డ్యూయల్ క్రెడిట్ లాంటి పేర్లు. కొన్ని కాలేజీల వాళ్లు ఇంకా పాత పేరే వాడుతుంటారు, కంగారు పడక్కర్లేదు.

ఇది చదువు రాని పిల్లల కోసం కదా? మా వాడికి ఎందుకు?

మనవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే, కొంచెం వివరంగా చెప్తాను.

ఈ అభిప్రాయం ఊరికే రాలేదు. 1917లో స్మిత్-హ్యూస్ చట్టం వచ్చినప్పటి నుంచీ వృత్తి విద్యని మామూలు చదువు నుంచి విడదీసి నడిపారు, చాలా దశాబ్దాల పాటు పేదపిల్లల్నీ నల్లజాతి పిల్లల్నీ వలస కుటుంబాల పిల్లల్నీ అటువైపు తోసేసి, ఇక యూనివర్సిటీ సంగతి మర్చిపోండి అన్నట్టు వదిలేసిన చరిత్ర ఉంది. అది అన్యాయం, అందులో రెండో మాట లేదు. టెక్ ప్రెప్ వచ్చిందే ఆ గోడని పడగొట్టడానికి, అంటే టెక్నికల్ కోర్సు తీసుకున్నా మ్యాథ్స్, సైన్సు, ఇంగ్లీషు గట్టిగా చదవాలి, తర్వాత కాలేజీకి దారి తెరిచే ఉండాలి అని.

ఇప్పుడు ఒక మంచి సీటీఈ ప్రోగ్రాంలో చూడండి, బయోమెడికల్ క్లాసులో కూర్చున్న పిల్లల్లో డాక్టర్ అవ్వాలనుకునేవాళ్లు ఉంటారు, ఇంజినీరింగ్ డిజైన్ క్లాసులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కాలిక్యులస్ కూడా చదువుతున్న పిల్లలుంటారు. వాళ్లకి ఇది నిజంగా నచ్చుతుందా లేదా అనేది 16 ఏళ్లకే తెలిసిపోతుంది, యూనివర్సిటీలో రెండేళ్ల ఫీజు కట్టాక తెలియడం కన్నా అది ఎంతో మేలు. అదీకాక మా అబ్బాయికి చేతిపని ఇష్టం, ఎలక్ట్రీషియన్ అవుతానంటున్నాడు అంటే అందులో తగ్గిపోవాల్సింది ఏమీ లేదండి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కి ఈ దేశంలో గౌరవమూ ఉంది, సంపాదనా ఉంది. పిల్లాడి ఇష్టాన్ని నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుందా లేదా అన్న దానితో కొలవకండి.

"కాలేజీ క్రెడిట్ వస్తుంది" అంటే కచ్చితంగా వచ్చేసినట్టేనా?

కాదు. ఈ పేజీలో ఇంకేం చదవకపోయినా ఈ ఒక్క జవాబూ చదవండి.

ఒకే మాట కింద రెండు వేరువేరు పద్ధతులు నడుస్తున్నాయి. మొదటిది డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్, కొన్నిచోట్ల డ్యూయల్ క్రెడిట్ అని కూడా అంటారు. ఇందులో మీ పిల్లాడు హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్టూడెంట్‌గా కూడా రిజిస్టర్ అవుతాడు, కాలేజీ ఐడీ నంబర్ వస్తుంది, సెమిస్టర్ అయ్యేసరికి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద కోర్సు పేరు, క్రెడిట్లు, గ్రేడు పడిపోతాయి. క్లాసు కాలేజీలో జరగొచ్చు, ఆన్‌లైన్‌లో జరగొచ్చు, మీ హైస్కూల్లోనే కాలేజీ ఆమోదించిన టీచర్ చెప్పొచ్చు.

రెండోది ఆర్టిక్యులేటెడ్ క్రెడిట్. ఇది వాగ్దానం లాంటిది. హైస్కూల్ వాళ్ల కోర్సు మా ఫలానా కోర్సుతో సమానం అని ఒక కాలేజీ రాతపూర్వకంగా ఒప్పుకుంటుంది, కానీ క్రెడిట్ అప్పుడే ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడదు. పిల్లాడు హైస్కూల్ పూర్తిచేసి, అదే కాలేజీలో, చాలాసార్లు అదే ప్రోగ్రాంలో చేరి, దరఖాస్తు పెట్టుకుంటేనే వస్తుంది. నార్త్ కరోలినాలో రాష్ట్రం మొత్తానికీ ఉన్న ఒప్పందం చూస్తే కోర్సులో బి గ్రేడు, రాష్ట్రం పెట్టే పరీక్షలో నిర్ణయించిన స్కోరు, హైస్కూల్ అయిన రెండేళ్ల లోపు కమ్యూనిటీ కాలేజీలో చేరడం, ఇవన్నీ ఉంటేనే క్రెడిట్. పిల్లాడు వేరే రాష్ట్రంలో యూనివర్సిటీకి వెళ్లిపోతే ఆ వాగ్దానం అక్కడే ఆగిపోతుంది. ఇది మోసం కాదు, ఒప్పందం స్వభావమే అంత, కాకపోతే స్కూల్ బ్రోషర్‌లో రెంటికీ ఒకే వాక్యం రాసేస్తారు, తల్లిదండ్రులు రెండూ ఒకటే అనుకుంటారు.

ఇవి కాక ఏపీ పరీక్షలు, క్లెప్ పరీక్షలు ఉన్నాయి గానీ అవి పరీక్ష రాస్తే వచ్చేవి, వాటి సంగతి వేరు.

అయితే కౌన్సెలర్‌ని ఏం అడగాలి?

"క్రెడిట్ వస్తుందా" అని అడిగితే వస్తుందనే అంటారు. అలా కాకుండా ఇలా అడగండి: ఏ కాలేజీ ఇస్తుంది, ఆ కాలేజీలో ఆ కోర్సు నంబర్ ఎంత, ఎన్ని క్రెడిట్లు, ఏ డిగ్రీలో అది లెక్కకొస్తుంది, ఎంత గ్రేడు రావాలి, ఎప్పటిలోగా వాడుకోవాలి, ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఇప్పుడే పడుతుందా తర్వాతా. ఒప్పందం కాపీ చూపించమనండి, చాలా కాలేజీలు వాటిని వెబ్‌సైట్లో పెడతాయి కూడా. దాని మీద ఏ విద్యా సంవత్సరానికి అని ఉంటుంది, అది తప్పకుండా చూడండి, ఎందుకంటే ఈ ఒప్పందాలకి గడువుంటుంది, టీచర్ మారినా సిలబస్ మారినా కాలేజీ దాన్ని కొత్తగా రాయకపోవచ్చు.

కౌన్సెలర్‌కి వందల మంది పిల్లలుంటారు, అన్నీ గుర్తుండవు, అది వాళ్ల తప్పు కాదు. ఒకసారి కాలేజీ వైపు డ్యూయల్ క్రెడిట్ ఆఫీసుకి కూడా ఈమెయిల్ పెట్టి జవాబు రాతలో తెప్పించుకుని దాచుకోండి.

అన్ని రాష్ట్రాల్లోనూ ఇంత గందరగోళమేనా?

లేదు, కొన్నిచోట్ల చాలా నయం. ఒహాయోలో కెరీర్-టెక్నికల్ అష్యూరెన్స్ గైడ్స్ అని ఉన్నాయి, వాటికి సరిపడిన కోర్సు చదివి షరతులు పూర్తిచేస్తే రాష్ట్రంలోని పబ్లిక్ కాలేజీల్లో అలాంటి ప్రోగ్రాం ఉన్నది ఏదైనా ఆ క్రెడిట్‌ని ఒప్పుకోవాలి, ఒక్క కాలేజీకే కట్టుబడి ఉండక్కర్లేదు. ఫ్లోరిడాలో పబ్లిక్ కాలేజీలన్నిటికీ ఒకే కోర్సు నంబర్ల పద్ధతి ఉంది, దాంతో ట్రాన్స్‌ఫర్ సులువవుతుంది. నన్నడిగితే ప్రతి రాష్ట్రంలోనూ ఇలాగే ఉండాలి, ఒక్కో స్కూల్ ఒక్కో కాలేజీతో విడివిడిగా రాసుకునే కాగితాల మీద పిల్లల భవిష్యత్తు ఆధారపడకూడదు.

ఖర్చెంత?

రాష్ట్రాన్ని బట్టి సున్నా నుంచి మామూలు ఫీజు దాకా. ఫ్లోరిడాలో పబ్లిక్ స్కూల్ పిల్లలు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌కి ట్యూషన్ కట్టక్కర్లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ అని ఉంది, 11, 12 గ్రేడ్ల పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ లేకుండా చదవొచ్చు, పుస్తకాలు, కొన్ని ఫీజులు, రానుపోను ఖర్చు మాత్రం మనదే. టెక్సాస్‌లో 2023 నుంచి ఫాస్ట్ అనే పథకం వచ్చింది, ఉచిత లేదా తగ్గింపు లంచ్‌కి అర్హత ఉన్న పిల్లలకి, అందులో చేరిన కాలేజీల్లో డ్యూయల్ క్రెడిట్ ఉచితం. జార్జియాలో రాష్ట్రమే కడుతుంది గానీ 2020లో దానికి 30 సెమిస్టర్ గంటల పరిమితి పెట్టారు. మిన్నెసోటా అయితే అందరికన్నా ముందు 1985లోనే రాష్ట్రం మొత్తానికీ పథకం పెట్టి హైస్కూల్ పిల్లల్ని కాలేజీ క్లాసుల్లోకి రానిచ్చింది.

ఒకటి గుర్తుపెట్టుకోండి, హైస్కూల్లో ఉండగా మామూలుగా పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయమున్న కుటుంబాల పిల్లలకి కాలేజీ కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు) రాదు, ఫెడరల్ సాయం హైస్కూల్ పూర్తయ్యాకే. ఇక టెక్నికల్ కోర్సుల్లో ట్యూషన్ లేకపోయినా టూల్స్, యూనిఫాం, వెల్డింగ్ హెల్మెట్, సర్టిఫికేషన్ పరీక్ష ఫీజు ఇవన్నీ ఉంటాయి, స్కూల్ కొంత భరిస్తుందేమో ముందే కనుక్కోండి, చాలా స్కూళ్లు పెర్కిన్స్ డబ్బుతోనో రాష్ట్రం డబ్బుతోనో పరీక్ష ఫీజు కట్టేస్తాయి, అడగనివాళ్లకి ఆ సంగతి తెలియదు.

ఈ క్రెడిట్లు పెద్ద యూనివర్సిటీలో పనికొస్తాయా?

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అసోసియేట్ డిగ్రీల్లో ఏఏ, ఏఎస్ అనేవి నాలుగేళ్ల డిగ్రీకి ట్రాన్స్‌ఫర్ అవ్వడానికి తయారుచేసినవి. ఏఏఎస్, అంటే అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్, నేరుగా ఉద్యోగానికి తయారుచేసింది. ఏఏఎస్‌లో ఉండే వెల్డింగ్, నెట్‌వర్కింగ్, ఆటోమోటివ్ కోర్సుల్ని యూనివర్సిటీ తీసుకున్నా చాలాసార్లు ఖాళీ ఎలెక్టివ్‌లుగా తీసుకుంటుంది, మేజర్‌కి లెక్కకట్టదు. 60 క్రెడిట్లు పూర్తిచేసి వెళ్లినా ఇంకా మూడేళ్లు మిగలొచ్చు.

దీనికి మందు ఉంది. అప్లైడ్ సైన్స్‌లో బ్యాచిలర్స్, బీఏఎస్ అంటారు, ఏఏఎస్ చేసినవాళ్లని మొత్తం క్రెడిట్లతో తీసుకునే డిగ్రీ ఇది, ఫ్లోరిడా, వాషింగ్టన్ లాంటి చోట్ల కమ్యూనిటీ కాలేజీలే ఇస్తున్నాయి. లేదంటే టెక్నికల్ కోర్సులతో పాటు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో ఇంగ్లీష్ కంపోజిషన్, స్టాటిస్టిక్స్, కాలేజీ ఆల్జీబ్రా లాంటివి కూడా చేయిస్తే అవి పబ్లిక్ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల చెల్లుతాయి.

ఇంజినీరింగ్ అనుకునేవాళ్లకి ఇంకో మాట. ఇంజినీరింగ్, ఇంజినీరింగ్ టెక్నాలజీ రెండూ ఒకటి కావు. గుర్తింపునిచ్చే అబెట్ సంస్థలో కూడా ఈ రెంటికీ వేరువేరు కమిషన్లున్నాయి. మొదటిదానికి కాలిక్యులస్ మీద కట్టిన ఫిజిక్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ దాకా వెళ్లాలి, రెండోది ల్యాబ్, తయారీ, అమలు వైపు మొగ్గుతుంది. రెండూ మంచి చదువులే, కానీ టెక్నాలజీ డిగ్రీతో ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సుకి వెళ్లాలంటే కొన్ని రాష్ట్రాల్లో ఎక్కువ అనుభవం అడుగుతారు, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. కాబట్టి 11వ గ్రేడ్‌లోనే ఏ దారో తెలుసుకుని, సందేహంగా ఉంటే మ్యాథ్స్ మాత్రం ఆపకుండా చదివించండి.

గ్రేడు తక్కువొస్తే ఏమవుతుంది?

డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. 16 ఏళ్లకి తెచ్చుకున్న డి గ్రేడు తర్వాత ఫైనాన్షియల్ ఎయిడ్ కోసం చూసే శాటిస్ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్‌లో (చదువు సరిగ్గా సాగుతోందా అనే లెక్కలో) కూడా లెక్కకి రావచ్చు. డాక్టర్ కావాలనుకునే పిల్లలైతే ఇంకా జాగ్రత్త, మెడికల్ స్కూళ్ల అప్లికేషన్ సర్వీసు హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సులతో సహా అన్నీ చూపించమంటుంది, గ్రేడులన్నీ జీపీఏలో కలుపుతుంది.

క్లాసు కష్టంగా ఉంటే డ్రాప్ చేసే తేదీ, విత్‌డ్రా అయ్యే తేదీ రెండూ కాలేజీ క్యాలెండర్‌లో ఉంటాయి, అవి హైస్కూల్ తేదీలతో కలవవు. మొదటి తేదీలోపు మానేస్తే రికార్డే ఉండదు, తర్వాతైతే డబ్ల్యూ అని పడుతుంది, అది ఎఫ్ కన్నా మేలు. ఈ తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి. మొదటిసారికి ఒక్క కోర్సు చాలు, ఎవరో పిల్లాడు హైస్కూల్ అయ్యేసరికి అసోసియేట్ డిగ్రీ కూడా తెచ్చుకున్నాడని మన పిల్లల మీద నాలుగు కోర్సులు వెయ్యకండి.

కాలేజీ క్లాసు గ్రేడులు నాకు చూపించట్లేదు, నేను తల్లిని కదా?

స్టూడెంట్ల రికార్డుల గోప్యతకి సంబంధించిన ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన స్టూడెంట్ వయసెంతైనా కాలేజీ రికార్డుల మీద హక్కు స్టూడెంట్‌దే. కాలేజీ నుంచి హైస్కూల్‌కి వచ్చిన గ్రేడులు మీరు హైస్కూల్లో చూడొచ్చు. నేరుగా కాలేజీతో మాట్లాడాలంటే పిల్లాడి చేత అనుమతి ఫారం సంతకం పెట్టించండి, ట్యాక్స్‌లో డిపెండెంట్‌గా చూపించిన పిల్లలైతే కాలేజీ ఇష్టపడితే చెప్పొచ్చు. ప్రొఫెసర్‌కి మీరు ఈమెయిళ్లు పెట్టకండి, ఆ పని పిల్లలే నేర్చుకోవాలి.

మేము హెచ్-1లో ఉన్నాం, పిల్లలు హెచ్-4. వాళ్లు ఇందులో చేరొచ్చా?

చదవడానికి ఇబ్బంది లేదు. సీటీఈ క్లాసులు, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ క్లాసులు, సర్టిఫికేషన్ పరీక్షలు అన్నీ చదువు కిందికే వస్తాయి. ఇబ్బంది అంతా పని దగ్గర. హెచ్-4లో ఉన్న పిల్లలు జీతం తీసుకునే ఇంటర్న్‌షిప్ గానీ, అప్రెంటిస్‌షిప్ గానీ, కోఆప్ (చదువులో భాగంగా కంపెనీలో చేసే పని) గానీ చెయ్యకూడదు, స్కూలే పంపించినా సరే. జీతం తీసుకోకపోతే చాలు కదా అని కూడా అనుకోవద్దు, మామూలుగా జీతమిచ్చే పని ఉచితంగా చేసినా సమస్యే కావొచ్చు. జాబ్ షాడోయింగ్, స్కూల్ ల్యాబ్‌లో చేసే ప్రాజెక్టులు, పోటీలు, ఇలాంటివాటితో ఆ భాగం పూర్తిచేసే వీలుందా అని టీచర్ని ముందే అడగండి, చాలామంది టీచర్లకి వీసా సంగతులు తెలియవు, మనమే చెప్పాలి. తేడాగా అనిపిస్తే ఇమిగ్రేషన్ లాయర్ని అడిగాకే ముందుకెళ్లండి.

ఇంకా కొన్ని ఉన్నాయి. హెచ్-4 పిల్లలకి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు, కొన్ని లైసెన్సుల దరఖాస్తుల్లో అది అడుగుతారు, కోర్సు మొదలుపెట్టే ముందే లైసెన్స్ బోర్డు వెబ్‌సైట్ చూడండి. ఫెడరల్ ఎయిడ్ రాదు. ఇన్‌స్టేట్ ట్యూషన్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 21 ఏళ్లకి హెచ్-4 అయిపోతుంది, గ్రీన్ కార్డు క్యూలో ఉన్న కుటుంబాలకి ఇదెంత బెంగో నాకు తెలుసు. ఈ పరిస్థితిలో ఉన్న పిల్లలకి హైస్కూల్లోనే తక్కువ ఖర్చుతో వచ్చే కాలేజీ క్రెడిట్లు నిజంగా విలువైనవి, ఎందుకంటే తర్వాత ఎఫ్-1కి మారి అంతర్జాతీయ స్టూడెంట్ ఫీజు కట్టాల్సొస్తే ఒక్కో క్రెడిట్ వేలల్లో ఉండొచ్చు. వాటిలో ట్రాన్స్‌ఫర్ అయ్యేవాటికే పెద్దపీట వెయ్యండి.

సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల పిల్లలకి పని సంగతి?

వాళ్లకి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్‌కి మూలం 1937 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ చట్టం, కనీస వయసు 16, కాకపోతే చాలా ప్రోగ్రాంలు 18 అడుగుతాయి. పని చేస్తూ జీతం తీసుకుంటూ క్లాసులకి వెళ్లడం, నైపుణ్యం పెరిగేకొద్దీ జీతం పెరగడం ఇందులో ఉన్న మంచి. 18 నిండనివాళ్లు ఫోర్క్‌లిఫ్ట్ నడపకూడదు, కొన్ని కోత యంత్రాలు వాడకూడదు, రూఫింగ్ పనికి వెళ్లకూడదు లాంటి ఫెడరల్ నిబంధనలున్నాయి, వాటిలో కొన్నిటికి స్కూల్ ద్వారా వెళ్లే స్టూడెంట్-లెర్నర్లకి షరతుల మీద మినహాయింపు ఉంది. 14, 15 ఏళ్ల పిల్లలైతే స్కూలున్న రోజు 3 గంటలు, స్కూలున్న వారంలో 18 గంటలు మించకూడదు.

క్లాసులో ఇచ్చే సర్టిఫికేషన్లకి బయట విలువుందా?

అన్నిటికీ ఒకేలా లేదు. నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్ ఉంటే ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోముల్లో వెంటనే పని దొరుకుతుంది, ఫెడరల్ నిబంధన ప్రకారం దానికి కనీసం 75 గంటల శిక్షణ కావాలి, రాష్ట్రాలు అంతకన్నా ఎక్కువ పెట్టుకోవచ్చు. కాంప్‌టియా ఏ ప్లస్ అనే కంప్యూటర్ సపోర్ట్ సర్టిఫికేషన్‌కి రెండు పరీక్షలు, మూడేళ్లు చెల్లుతుంది, హెల్ప్‌డెస్క్ ఉద్యోగాలకి పనికొస్తుంది, 10వ గ్రేడ్‌లో రాస్తే మాత్రం కాలేజీ మధ్యలోకి వచ్చేసరికి గడువు అయిపోతుంది. ఓషా (పనిచేసే చోట భద్రత చూసే ఫెడరల్ సంస్థ) 10 గంటల కార్డు భద్రత గురించి అవగాహన వచ్చిందని చూపించేది, అది లైసెన్సు కాదు. కొన్ని స్కూళ్లు లెక్కల కోసం చిన్నచిన్న సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్లు గుట్టగా ఇస్తుంటాయి, ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు కనిపిస్తుందా అని మీరే వెతికి చూడండి, అంతకన్నా మంచి పరీక్ష లేదు.

పీ-టెక్, ఎర్లీ కాలేజ్ అంటే కూడా ఇదేనా?

ఇదే ఆలోచన ఇంకాస్త బిగించి చేసినవి. పీ-టెక్ 2011లో బ్రూక్లిన్‌లో మొదలైంది, న్యూయార్క్ సిటీ స్కూళ్లు, సిటీ యూనివర్సిటీ, ఐబీఎం కలిసి పెట్టాయి, 9వ గ్రేడ్ నుంచి ఆరేళ్లలో హైస్కూల్ డిప్లొమా, అసోసియేట్ డిగ్రీ రెండూ, పైగా కంపెనీ వాళ్ల మెంటర్లు. ఎర్లీ కాలేజ్ హైస్కూళ్లలో కూడా కాలేజీ కోర్సులు స్కూల్లోనే కలిపేస్తారు. వీటి బలం ఏంటంటే అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, ఏ క్రెడిట్ ఎక్కడ చెల్లుతుందో స్కూలే చూసుకుంటుంది. లోటు ఏంటంటే 9వ గ్రేడ్‌లోనే నిర్ణయం తీసుకోవాలి, తర్వాత బయటికి రావడం కుదిరినా పెద్ద హైస్కూల్లో ఉండే బ్యాండు, టీములు, రకరకాల ఏపీలు దొరక్కపోవచ్చు.

అమ్మాయిని వెల్డింగ్‌కో ఆటోమోటివ్‌కో పంపాలంటే భయంగా ఉంది.

ఏదైనా రంగంలో ఒక జెండర్ వాళ్లు 25 శాతం కన్నా తక్కువ ఉంటే దాన్ని పెర్కిన్స్ చట్టం ప్రత్యేకంగా గుర్తిస్తుంది, అలాంటి పిల్లల్ని చేర్చుకోవడానికీ నిలబెట్టడానికీ స్కూల్ ప్రయత్నం చెయ్యాలి. క్లాసులో వేధింపు ఉంటే 1972 నాటి టైటిల్ నైన్ (చదువులో లింగ వివక్షని నిషేధించే చట్టం) వర్తిస్తుంది, ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ దానికో కోఆర్డినేటర్ ఉంటారు. స్కూల్ వర్క్‌షాప్‌కి వెళ్లి టీచర్‌తో ఒకసారి మాట్లాడండి, ఇప్పటికే ఆ క్లాసులో ఉన్న అమ్మాయితో మీ అమ్మాయిని మాట్లాడనివ్వండి. మగపిల్లాడు నర్సింగ్ అన్నా ఇదే మాట.

మా బాబుకి ఐఈపీ ఉంది, కాలేజీ క్లాసులో అది నడుస్తుందా?

ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్కూల్ రాసే విడి ప్లాన్) హైస్కూల్ వరకే. కాలేజీ కోర్సులో సెక్షన్ 504, వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తాయి, పరీక్షకి అదనపు టైమ్ లాంటివి ఇస్తారు గానీ కోర్సు కంటెంట్ తగ్గించరు, అడగాల్సింది కూడా స్టూడెంటే. సెమిస్టర్ మొదలయ్యే ముందే కాలేజీ డిజబిలిటీ సర్వీసెస్‌కి పేపర్లు పంపించండి.

ఎప్పటి నుంచి ప్లాన్ చెయ్యాలి?

8వ గ్రేడ్‌లో నాలుగేళ్ల ప్లాన్ రాసేటప్పుడు మొదలుపెట్టండి, రాసింది మారినా పర్వాలేదు. మ్యాథ్స్ వరసే అన్నిటికన్నా ముఖ్యం, 11వ గ్రేడ్‌కి ఆల్జీబ్రా 2 దగ్గర లేకపోతే చాలా టెక్నికల్ కాలేజీ కోర్సుల ప్లేస్‌మెంట్ దగ్గరే ఆగిపోతారు. ఎన్నో స్కూల్ డిస్ట్రిక్టుల్లో పెద్ద ల్యాబులు ఒక్క కెరీర్ సెంటర్‌లోనే ఉంటాయి, పిల్లలు బస్సులో వెళ్లి సగం రోజు అక్కడే ఉంటారు, సీట్లు తక్కువ, 10వ గ్రేడ్ చలికాలంలోనే దరఖాస్తులు అయిపోతుంటాయి. సగం రోజు బయటుంటే ఫారిన్ లాంగ్వేజ్, ఏపీ సైన్స్ లాంటివి టైమ్‌టేబుల్‌లో ఇమడవు, కాబట్టి అవి 9, 10లోనే ముందుకి జరపండి.

మధ్యలో మనసు మారితే?

మారుతుంది, 16 ఏళ్లు కదా. హెల్త్ సైన్స్ చదివి అకౌంటింగ్‌కి వెళ్లిన పిల్లలకి కూడా మెడికల్ టెర్మినాలజీ, రిపోర్టు రాయడం, పేషెంట్‌తో మాట్లాడటం వచ్చేసి ఉంటాయి. నష్టపోయేది ఆ రంగానికే పరిమితమైన క్రెడిట్లు మాత్రమే. అందుకే ఇంతకుముందు చెప్పినట్టు ఒక టెక్నికల్ కోర్సు తీసుకుంటే పక్కన ఒక జనరల్ కోర్సు కూడా తీసుకోమంటాను.

ఇన్ని కాలేజీ క్రెడిట్లుంటే ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్ అయిపోతాడా, ఫ్రెష్‌మన్ స్కాలర్‌షిప్‌లు పోతాయా?

మామూలుగా పోవు. హైస్కూల్ అయ్యేలోపు చేసిన క్రెడిట్లు ఎన్నున్నా ఎక్కువ యూనివర్సిటీలు ఫస్ట్-ఇయర్ అప్లికెంట్‌గానే చూస్తాయి, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కూడా అంతే. హైస్కూల్ అయ్యాక ఫాల్ సెమిస్టర్‌లో వేరే కాలేజీలో చేరితే మాత్రం లెక్క మారుతుంది.

సీనియర్ ఇయర్ అయిపోయింది, కాలేజీ వాళ్లు మీ క్రెడిట్ మా దగ్గర లేదంటున్నారు. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు అది డ్యూయల్ ఎన్‌రోల్‌మెంటా ఆర్టిక్యులేటెడా తేల్చుకోండి. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అయితే క్రెడిట్ ఇచ్చిన కాలేజీ రిజిస్ట్రార్ నుంచి అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ కొత్త కాలేజీకి పంపించాలి, హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉన్నంత మాత్రాన సరిపోదు, చాలా కేసులు ఈ ఒక్క పనితో తీరిపోతాయి. ఆర్టిక్యులేటెడ్ అయితే పిల్లాడు చదివిన సంవత్సరం నాటి ఒప్పందం కాపీ, సిలబస్, హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్, పరీక్ష స్కోరు కలిపి కాలేజీలో దరఖాస్తు పెట్టండి. ఒప్పందం ఆ కాలేజీది కాకపోతే అడ్మిషన్ ఆఫీసులో వాదించి లాభం లేదు, నేరుగా ఆ డిపార్ట్‌మెంట్ చైర్‌కి సిలబస్, పిల్లాడు చేసిన ప్రాజెక్టులు, సర్టిఫికెట్లు పంపించి చాలెంజ్ ఎగ్జామ్ (క్లాసుకి వెళ్లకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవడం) గానీ ప్రయర్ లెర్నింగ్ అసెస్‌మెంట్ (ముందే నేర్చుకున్నదాన్ని చూసి క్రెడిట్ ఇవ్వడం) గానీ ఉందా అని పిల్లాడి చేతే అడిగించండి. సెమిస్టర్ మొదలయ్యాక అదే కోర్సులో కూర్చుంటే మళ్లీ క్రెడిట్ అడగడానికి చాలాచోట్ల కుదరదు, కాబట్టి ఈ ఈమెయిల్ రిజిస్ట్రేషన్ తేదీ కన్నా ముందే వెళ్లిపోవాలి.